రుమాలు కొట్టేసినందుకు ఏడేళ్ళు: చిల్లర దొంగల్ని ఓడెక్కించిన శిక్ష వెనక లెక్కలు

"రొట్టె ముక్క దొంగిలించినందుకు ఆస్ట్రేలియా పంపేశారట" అనే మాట చాలామంది వినే ఉంటారు. ఏటా జనవరి 26న ఆస్ట్రేలియా దినోత్సవం మీద చర్చ లేచినప్పుడల్లా ఇది మళ్ళీ పైకొస్తుంది. వాళ్ళంతా ఆకలికి తాళలేక తప్పు చేసిన అమాయకులని కొందరు, అసలు ఆ దేశమే దొంగలతో మొదలైందని ఇంకొందరు వాదిస్తారు. రికార్డులు చూస్తే రెండు వాదనల్లోనూ కొంత నిజం ఉంది, చాలా లోపం ఉంది. ఒక రుమాలుకి, ఒక జత బూట్లకి ఏడేళ్ళ శిక్ష ఎలా పడిందో అర్థం కావాలంటే దొంగ దగ్గర కన్నా చట్టం దగ్గర, ఓడ కాంట్రాక్టు దగ్గర ఎక్కువసేపు ఆగాలి.

క్లుప్తంగా

1788 నుంచి 1868 దాకా బ్రిటన్, ఐర్లాండ్‌ల నుంచి సుమారు 1,62,000 మంది ఖైదీలను ఆస్ట్రేలియాకు తరలించారు. వారిలో దాదాపు 25,000 మంది స్త్రీలు. ఎక్కువమంది చేసిన నేరం ఏదో ఒక రకం దొంగతనమే. దాదాపు సగం మందికి పడింది ఏడేళ్ళ శిక్ష. ఉరికీ కొరడా దెబ్బలకీ మధ్య సరైన శిక్ష లేకపోవడం, పోలీసు వ్యవస్థ ఇంకా ఏర్పడకపోవడం, దూరదేశంలోని వలస రాజ్యానికి పనివాళ్ళు కావాల్సి రావడం దీనికి ముఖ్య కారణాలు. శిక్ష ఏడేళ్ళే అయినా తిరుగు ప్రయాణం ఖర్చు ప్రభుత్వం పెట్టుకోకపోవడంతో చాలామందికి అది జీవితకాలపు వెలి అయింది.

పన్నెండు పెన్నీల గీత

ఇంగ్లాండు పాత చట్టం దొంగతనాన్ని రెండుగా విడదీసింది. దొంగిలించిన వస్తువు విలువ 12 పెన్నీలు, అంటే ఒక షిల్లింగ్ దాటితే పెద్ద దొంగతనం, దాటకపోతే చిల్లర దొంగతనం. మొదటిదానికి కాగితం మీద మరణశిక్ష, రెండోదానికి కొరడా దెబ్బల్లాంటివి. మధ్యయుగాల్లో గీసిన ఈ గీత, ధరలు ఎన్ని రెట్లు పెరిగినా కదల్లేదు. 1827లో రద్దయ్యేదాకా అలాగే ఉంది. అదెంత చిన్న మొత్తమో తెలియాలంటే ఒక లెక్క చాలు. 1834లో డార్సెట్ ప్రాంతంలో వ్యవసాయ కూలీకి వారానికి ఏడు షిల్లింగులు వచ్చేవి. ఒకరోజు కూలి కన్నా తక్కువ విలువ దగ్గర చట్టం మనిషిని రెండో గట్టుకి తోసేసేది.

దీని మీద 17వ శతాబ్దం చివరి నుంచి ఇంకా కఠినమైన చట్టాలు వచ్చి చేరాయి. దుకాణంలో ఐదు షిల్లింగుల సరుకు, ఇంట్లో 40 షిల్లింగుల వస్తువు ఎత్తుకెళ్ళినా ఉరే. 18వ శతాబ్దం చివరికి ఉరి వేయదగ్గ నేరాలు 200 దాటాయి. లండన్‌కి క్రమబద్ధమైన పోలీసు దళం వచ్చిందే 1829లో. దొంగ దొరకడమే అరుదు కాబట్టి దొరికినవాణ్ణి చూసి మిగతా వందమంది హడలిపోవాలన్నది ఆనాటి పాలకుల ఆలోచన.

ఆచరణలో అది బెడిసికొట్టింది. ఒక గుడ్డ తాను కోసం మనిషిని ఉరికంబం ఎక్కించడానికి జ్యూరీలకు చేతులు రాలేదు. అంతకన్నా ఎక్కువ విలువ చేసే వస్తువుకి కూడా కావాలనే 39 షిల్లింగులని విలువ కట్టేవారు. 40కి ఒక్కటి తక్కువ. లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు రికార్డుల్లో ఈ 39 అంకె మళ్ళీమళ్ళీ కనిపిస్తుంది. అలా ఉరి తప్పించుకున్నవారికి పడే శిక్షల్లో ముఖ్యమైనది ద్వీపాంతరం, అంటే సముద్రం దాటించి దూరదేశానికి పంపేయడం. 1718 చట్టం మామూలు దొంగతనాలకు ఏడేళ్ళు, క్షమాభిక్ష దొరికిన మరణశిక్షలకు 14 ఏళ్ళు అని ఒక కొలత పెట్టింది. ఆ ఏడు అంకె తర్వాతి నూరేళ్ళకు పైగా న్యాయమూర్తుల నోట్లో నానింది.

1808లో జేబుదొంగతనానికి ఉరిశిక్షను రద్దు చేశారు. పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ రోమిలీ పట్టుబట్టి సాధించిన సంస్కరణ ఇది. బదులుగా పెట్టిన శిక్ష జీవితాంతం దాకా పోగల ద్వీపాంతరం. 19వ శతాబ్దంలో ఓడలెక్కినవారి సంఖ్య పెరగడానికి ఇదొక ముఖ్య కారణం. శిక్షలు మెత్తబడుతున్న కొద్దీ ఉరికంబం దగ్గర తగ్గినవారు రేవు దగ్గర పోగయ్యారు. ఒక్క 1833లోనే దాదాపు 7,000 మంది ఆస్ట్రేలియాలో దిగారు.

కోర్టులో కొన్ని నిమిషాలు

చిల్లర దొంగతనం కేసు విచారణ చాలాసార్లు కొద్ది నిమిషాల్లో ముగిసిపోయేది. కేసు నడిపే బాధ్యత సొత్తు పోగొట్టుకున్నవాడిదే. సాక్షుల్ని వెంటబెట్టుకు రావడం, ఫీజులు కట్టుకోవడం అన్నీ అతనే. ముద్దాయి తరఫు లాయరు జ్యూరీని ఉద్దేశించి మాట్లాడే హక్కు 1836 దాకా ఇలాంటి కేసుల్లో లేదు. ముద్దాయి ప్రమాణం చేసి తన గోడు తాను చెప్పుకునే వీలు 1898 దాకా రాలేదు. జేబులో దొరికిన పట్టు రుమాలు బల్ల మీద పెట్టి, యజమాని "ఇది నాదే" అంటే కేసు సగం అయిపోయినట్టే.

పట్టు రుమాలు పేరు ఊరికే ఎత్తడం లేదు. లండన్ వీధుల్లో అదొక చలామణీ సరుకు. కోటు జేబులోంచి సులువుగా వస్తుంది, గుర్తుగా కుట్టిన అక్షరాలు ఊడదీస్తే ఎవరిదో చెప్పలేం, పాత బట్టల అంగడిలో వెంటనే డబ్బు చేతికొస్తుంది. అందుకే పదేళ్ళ పన్నెండేళ్ళ కుర్రాళ్ళు చాలామంది దీంతోనే దొరికేవారు. దొంగ సొత్తు కొన్నవాడికి చట్టం 14 ఏళ్ళ శిక్ష పెట్టింది గాని, అతన్ని పట్టుకోవడం కుర్రాణ్ణి పట్టుకున్నంత తేలిక కాదు.

ఓడెక్కినవారంతా మొదటిసారి, ఆకలితో తప్పు చేసినవారని చెప్పలేం. చాలామంది మీద అంతకుముందే ఒకటి రెండు శిక్షలున్నట్టు రికార్డుల్లో ఉంది. 1827 చట్టం ప్రకారం మామూలు దొంగతనానికి ఏడేళ్ళ ద్వీపాంతరం గాని, రెండేళ్ళకు మించని జైలు గాని వేయవచ్చు. కానీ ఒకసారి శిక్షపడినవాడు మళ్ళీ దొరికితే జీవితాంతం దాకా పోవచ్చు. అంటే రెండోసారి తీర్పు వస్తువు ధర మీద కన్నా మనిషి మీద పడిన ముద్ర మీదే ఆధారపడింది. 1815లో నెపోలియన్ యుద్ధాలు ముగిసి సైనికులు పనుల్లేక తిరిగి రావడం, ఊరుమ్మడి పొలాలకు కంచెలు పడి చిన్న రైతులు కూలీలవడం, 1845 తర్వాత ఐర్లాండ్‌లో బంగాళదుంప పంట కుళ్ళి కరువు రావడం, ఇవన్నీ ఆ "రెండోసారి" తప్పు చేయించిన పరిస్థితులు. ఆకలి కారణం కాదనడం ఎంత తప్పో, ప్రతి కేసూ ఆకలి కేసే అనడమూ అంతే తప్పు.

తలకింత చొప్పున

1775 దాకా ఈ ఖైదీలు పోయింది అమెరికాకి. సుమారు 50,000 మందిని అక్కడి తోటల యజమానులకు పనివాళ్ళుగా అప్పగించారు. అమెరికా తిరగబడడంతో ఆ దారి మూసుకుపోయింది. ఖైదీలను థేమ్స్ నదిలో లంగరేసిన పాడుబడ్డ ఓడల్లో కుక్కారు. తాత్కాలికమని 1776లో మొదలైన ఈ ఓడ జైళ్ళు ఎనభై ఏళ్ళ పాటు నడిచాయి. అవి నిండిపోయి, జైలు జ్వరాలు ప్రబలి, పొంగి పొర్లుతున్న దశలో ఆస్ట్రేలియా నిర్ణయం జరిగింది. ఆర్థర్ ఫిలిప్ నాయకత్వంలో 11 ఓడలు 1787 మే 13న పోర్ట్స్‌మత్ నుంచి బయలుదేరి ఎనిమిది నెలలకు చేరాయి.

ఆ ప్రయాణం కన్నా 1790లో చేరిన రెండో ఖైదీ ఓడల బృందం కథలో ఈ వ్యవస్థ గుణం ఎక్కువ తెలుస్తుంది. బానిసల వ్యాపారంలో ఆరితేరిన ఒక లండన్ కంపెనీకి ఆ కాంట్రాక్టు దక్కింది. ఎక్కించిన ఒక్కో ఖైదీకి 17 పౌండ్ల ఏడు షిల్లింగుల ఆరు పెన్నీలు ఇస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. ఎక్కించిన లెక్కే గాని, బతికి దిగిన లెక్క ఒప్పందంలో లేదు. తిండి మిగిలితే లాభం, మనిషి మిగిలితే అదనంగా వచ్చేదేమీ లేదు. కాళ్ళకు ఇనుప కడ్డీలు వేసి, తడి చెక్కల మీద, చీకటి అడుగు అంతస్తులో నెలల తరబడి ఉంచారు. బయలుదేరిన సుమారు వెయ్యి మందిలో నాలుగో వంతు దారిలోనే చనిపోయారు. సిడ్నీలో దిగినవారిలో చాలామంది నడవలేక పాకుతూ ఒడ్డెక్కారు.

తర్వాత మార్చింది చెల్లింపు పద్ధతిని. డబ్బులో కొంత భాగం ఖైదీలు ప్రాణాలతో దిగాకే ఇవ్వసాగారు. 1814లో మూడు ఓడల్లో జబ్బులు చాలామందిని చంపేశాక, సిడ్నీలోని విలియం రెడ్‌ఫెర్న్ అనే వైద్యుడు గాలి, శుభ్రత, తిండి మీద నివేదిక రాశాడు. ఆయన కూడా ఒకప్పుడు ఖైదీగా వచ్చినవాడే. 1815 నుంచి ప్రతి ఓడలో కాంట్రాక్టరు చెప్పుచేతల్లో లేని ప్రభుత్వ వైద్యుణ్ణి పెట్టారు. ప్రయాణం దాదాపు నాలుగు నెలలకు తగ్గింది, దారిలో చావులు నూటికి ఒకటికి అటూఇటూగా వచ్చాయి. అదే సముద్రం, అలాంటి చెక్క ఓడలే. డబ్బు దేనికి ఇస్తున్నారో మారేసరికి వేలమంది ప్రాణాలు నిలిచాయి. నిజానికి ఈ చరిత్ర మొత్తంలో ఇంతకన్నా స్పష్టమైన పాఠం లేదు.

ఏడేళ్ళు సరే, తిరిగి రావడం?

శిక్ష కాలం ఇంగ్లాండులో తీర్పు వచ్చిన రోజు నుంచే లెక్క. ఓడ జైల్లో గడిపిన నెలలు, సముద్రం మీద గడిపినవి కలిస్తే, దిగేసరికి ఏడాది రెండేళ్ళు పోయినవాళ్ళూ ఉన్నారు. ఏడేళ్ళూ నిండాక మనిషి స్వేచ్ఛాజీవే. కానీ ఇంటికి పోవడం అతని సొంత ఖర్చు. మగవాళ్ళు ఓడలో కళాసీ పని చేసుకుంటూ రావచ్చు. ఆడవాళ్ళకు ఆ దారి కూడా లేదు. గడువుకి ముందే తిరిగొచ్చి దొరికితే 1834 దాకా ఉరిశిక్షే. కాబట్టి తీర్పులో "ఏడేళ్ళు" అని చదివినా, ముద్దాయి కుటుంబానికి వినిపించింది "ఇంక చూడలేవు" అనే.

ఆ సంగతి వాళ్ళకు బాగా తెలుసనడానికి ఒక వస్తువు సాక్ష్యం. ఓడ కోసం ఎదురుచూసే ఖైదీలు రాగి పెన్నీ బిళ్ళ ఒకటి సంపాదించి, దాని మీద రాజు బొమ్మ అరిగిపోయేదాకా నున్నగా రుద్దేవారు. 1797లో పోసిన పెన్నీలు పెద్దవి, బరువైనవి కాబట్టి ఆ పనికి బాగా పనికొచ్చేవి. ఆ నున్నటి రాగి మీద మేకుతోనో సన్నని ఉలితోనో తన పేరు, భార్య పేరో తల్లి పేరో, శిక్ష ఎన్నేళ్ళో, సంకెళ్ళతో నిలబడ్డ ఒక మనిషి బొమ్మో చెక్కేవారు. "ఇది చూసినప్పుడు నన్ను తలుచుకో" అనే మాట చాలా బిళ్ళల మీద ఉంటుంది. చదువు రానివారు కాస్త వచ్చిన తోటి ఖైదీ చేత చెక్కించుకునేవారు. అక్షరదోషాలు అలాగే ఉండిపోయాయి.

గోడలు లేని జైలు

దిగాక వీళ్ళలో అత్యధికులు ఏ గదిలోనూ బందీగా లేరు. 1830ల దాకా ఎక్కువమందిని రైతులకు, గొర్రెల మందల యజమానులకు, ఇళ్ళల్లో పనులకు అప్పగించేవారు. యజమాని తిండి, బట్ట ఇవ్వాలి, జీతం ఇవ్వక్కర్లేదు. మంచి యజమాని దొరికితే ఇంగ్లాండులో కన్నా కడుపు నిండా మాంసం. చెడ్డవాడు దొరికితే చిన్న మాట ఎదురాడినా కొరడా. యజమాని స్వయంగా కొట్టకూడదు, మేజిస్ట్రేటు దగ్గరికి పంపాలి. అయితే ఆ మేజిస్ట్రేటు తరచూ పక్క ఎస్టేటు యజమానే. ఒకే నేరానికి ఒకే శిక్షపడిన ఇద్దరి జీవితాలు ఇలా పూర్తిగా వేరైపోయేవి. ఈ పద్ధతి మీద వచ్చిన అతి బలమైన విమర్శ కూడా ఇదే.

మళ్ళీ తప్పు చేసినవారికి నార్ఫోక్ దీవి, పోర్ట్ ఆర్థర్ లాంటి కఠిన స్థావరాలుండేవి. పోర్ట్ ఆర్థర్ ఎదురుగా పాయింట్ ప్యూర్‌లో 1834 నుంచి 1849 దాకా కుర్రాళ్ళకే ఒక జైలు నడిచింది. ఆ పదిహేనేళ్ళలో సుమారు 3,000 మంది పిల్లలు అక్కడ చెప్పులు కుట్టడం, వడ్రంగం, రాళ్ళు కొట్టడం నేర్చుకుంటూ గడిపారు. ఎక్కువమంది నేరం చిల్లర దొంగతనమే.

ఇంకో పక్క మంచి నడవడికకు మెట్లు కూడా ఉన్నాయి. ఏడేళ్ళ ఖైదీకి నాలుగేళ్ళ తర్వాత, 14 ఏళ్ళవాడికి ఆరేళ్ళకు, జీవిత ఖైదీకి ఎనిమిదేళ్ళకు ఒక అనుమతి పత్రం ఇచ్చేవారు. అది ఉంటే సొంతంగా పని వెతుక్కోవచ్చు, జీతం తీసుకోవచ్చు, జిల్లా మాత్రం దాటకూడదు. నేటి పెరోల్‌కి ఇది పూర్వరూపం. ఈ మెట్లెక్కి పైకొచ్చినవారి పేర్లు ఆస్ట్రేలియా ఇప్పటికీ చెప్పుకుంటుంది. పదమూడేళ్ళకే గుర్రం దొంగతనంలో దొరికి ఏడేళ్ళ శిక్షతో 1792లో దిగిన మేరీ రీబీ, ఓడలూ గోడౌన్లూ ఉన్న వ్యాపారి అయింది. నేటి 20 డాలర్ల నోటు మీద ఉన్నది ఆమే. ఫోర్జరీ నేరం మీద వచ్చిన ఫ్రాన్సిస్ గ్రీన్‌వే సిడ్నీలో హైడ్ పార్క్ బ్యారక్స్ కట్టాడు. అక్కడ ఉంటున్న తెలుగువాళ్ళు చూసే ఉంటారు, ఇప్పుడది మ్యూజియం. నేలపలకల కింద ఎలుకలు పోగేసిన గూళ్ళల్లో ఖైదీల బట్ట పేలికలు దొరికాయి.

ఇలాంటి పేర్లు చెప్పి వ్యవస్థ మంచిదనడం సరికాదు. వాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినవాళ్ళు. పైగా ఖైదీల చాకిరీతో విస్తరించిన పొలాలు, మందలు అన్నీ ఎవరి నేల మీదనో పెరిగాయి. సిడ్నీ దగ్గరి గాడిగల్ అనే ఆదివాసి ప్రజలను 1789లో మశూచి దాదాపు తుడిచిపెట్టింది. వాన్ డీమెన్స్ ల్యాండ్‌లో (నేటి టాస్మేనియా) 1820ల నుంచి జరిగిన యుద్ధంలో ఆదివాసులు దాదాపు పూర్తిగా తమ నేల కోల్పోయారు. లండన్‌లో ఒక రుమాలుతో మొదలైన గొలుసు చివర ఉన్న నష్టం ఇది. చాలా వివరణల్లో దీన్ని దాటేస్తారు, దాటేయకూడదు.

ఎందుకు ఆగిపోయింది

1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేసింది. ఆ తర్వాత జీతం లేని ఖైదీని యజమానికి అప్పగించడాన్ని సమర్థించుకోవడం కష్టమైంది. 1837-38లో పార్లమెంటు వేసిన మోల్స్‌వర్త్ కమిటీ ఈ పద్ధతిని గట్టిగా తప్పుపట్టింది. 1840లో న్యూ సౌత్ వేల్స్‌కు తరలింపు ఆగింది. స్వేచ్ఛగా వలస వచ్చిన కూలీలకు జీతం లేని ఖైదీ పోటీ కావడంతో సిడ్నీలో వ్యతిరేకత ఎంత పెరిగిందంటే, 1849లో ఖైదీల ఓడ ఒకటి రేవుకి వస్తే జనం పెద్ద సభ పెట్టి నిరసన తెలిపారు.

1851లో బంగారం దొరికింది. జనం చార్జీలు పెట్టుకుని మరీ ఆస్ట్రేలియా పరిగెడుతుంటే దొంగను ప్రభుత్వ ఖర్చుతో అక్కడికే పంపడం శిక్షలా కనబడలేదు. ఇంగ్లాండులో 1842 నాటికే పెంటన్‌విల్ లాంటి కొత్త రకం జైళ్ళు వచ్చాయి. 1853 చట్టం ఏడేళ్ళ ద్వీపాంతరానికి బదులు నాలుగేళ్ళ కఠిన కారాగారం అని మారకం రేటు పెట్టింది. ఏడు నాలుగుకి దిగడం చూస్తే, పాత శిక్షలో కొంత భాగం దూరానిదేనని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు అర్థమవుతుంది. అదే ఏడాది వాన్ డీమెన్స్ ల్యాండ్‌కు తరలింపు ఆగింది. మచ్చ పోగొట్టుకోవడానికి ఆ దీవి 1856లో టాస్మేనియా అని పేరు మార్చుకుంది. పనివాళ్ళు దొరక్క ఖైదీలను కోరి తెచ్చుకున్న పశ్చిమ ఆస్ట్రేలియాలో మాత్రం 1850లో మొదలై 1868 జనవరి దాకా సాగింది.

మన చట్టంలో ద్వీపాంతరం

ఇదే కాలంలో ఈస్టిండియా కంపెనీ కూడా భారతీయ ఖైదీలను సుమత్రా దీవిలోని బెంకూలెన్, పెనాంగ్, మారిషస్, సింగపూర్‌లకు పంపింది. తెలుగు జిల్లాలు ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచీ ఓడలు వెళ్ళాయి. సింగపూర్‌లో సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్ కట్టింది ఈ ఖైదీలే. దాని తెల్లటి పూత మద్రాసు సున్నం, అంటే గవ్వల సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, పంచదార కలిపి చేసింది. 1858 నుంచి అండమాన్ ప్రధాన స్థావరమైంది.

తేడా ఏమిటంటే, ఇక్కడ సముద్రం దాటించింది ఎక్కువగా హత్యలు, బందిపోటు దోపిడీలు, తిరుగుబాట్లు చేసినవారిని. 1860 భారత శిక్షాస్మృతి మామూలు దొంగతనానికి మూడేళ్ళ జైలే పెట్టింది. కానీ 75వ సెక్షన్ కింద పాత శిక్ష ఉన్నవాడు మళ్ళీ అలాంటి నేరంలో దొరికితే యావజ్జీవ ద్వీపాంతరం దాకా వేసే వీలుండేది. 1827 నాటి ఇంగ్లాండు చట్టంలోని "రెండోసారి" సూత్రమే ఇది. "యావజ్జీవ ద్వీపాంతరవాసం" అనే మాట స్వాతంత్ర్యం వచ్చాక కూడా మన శిక్షాస్మృతిలో ఉండిపోయింది. 1955 సవరణతో దాని స్థానంలో "యావజ్జీవ కారాగారం" వచ్చింది, 1956 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

మిగిలినవి

ఖైదీల రిజిస్టర్లలో ఒక్కొక్కరి ఎత్తు, కళ్ళ రంగు, ముఖం మీద మచ్చ, చేతి మీద పచ్చబొట్టు కూడా రాసి పెట్టారు. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్నవి. 19వ శతాబ్దపు ఇంగ్లాండులో నిరుపేద మనిషి ఎలా ఉండేవాడో ఇంత వివరంగా చెప్పే కాగితాలు చాలా తక్కువ. చాలా కుటుంబాలు తాతముత్తాతల్లో ఖైదీ ఉన్నాడన్న సంగతి తరాల తరబడి దాచుకున్నాయి. ఇప్పుడు వాళ్ళ మనవళ్ళే ఆ రిజిస్టర్లలో పేర్లు వెతుక్కుంటున్నారు. 2010లో 11 ఖైదీ స్థలాలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి చేరాయి.

అరగదీసిన పెన్నీలు మాత్రం ఖైదీలతో ఓడెక్కలేదు. అవి రేవు దగ్గర భార్యల చేతిలో, తల్లుల చేతిలో పెట్టినవి. ఇంగ్లాండులోనే ఇళ్ళల్లో, తర్వాత పాత నాణేల సేకర్తల దగ్గర ఉండిపోయాయి. వాటిలో 300కు పైగా ఇప్పుడు కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి.